విలన్ కోసం ప్రార్థన

బీదర్ బస్టాండులో మా పిల్లలకని కొన్న కామిక్ పుస్తకం ముందు నేనే చదివాను. అందులో విలన్ ఊరి చెరువులన్నీ ఎండగొడతాడు. చిన్నప్పుడు వాడి తమ్ముడు వరదలో కొట్టుకుపోతుంటే ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. ఆ సంగతికి ఒక్క బొమ్మ! వాడిని చంపడానికి మాత్రం నాలుగు పేజీలు. నాకు ఒళ్లు మండింది.

ఆ శుక్రవారం చిమ్కోడ్‌లో మా మేనమామ ఇంట్లో ప్రార్థన కూడిక. ఎవరికోసం ప్రార్థించాలో తలా ఒక పేరు చెబుతున్నారు. నా వంతు రాగానే, విలన్ కాకముందు వాడికున్న పేరు చెప్పాను. తమ్ముడి సంగతీ చెప్పాను. అత్త కళ్లు తుడుచుకుంది.

"పాపం, ఏడుంటడు బిడ్డా?" అన్నాడు మామ.

"బొమ్మల పుస్తకంల, మామా. విలన్."

అందరూ నవ్వారు. మామ మాత్రం నవ్వలేదు.

"దేవుని ముంగట మజాక్ చేస్తున్నవా?"

"మజాక్ గాదు మామా. ఇప్పటిదాంక అందరు పాపమన్నరు గదా. విలన్ అనంగనే కండ్లెందుకు ఎండినయ్?"

ఎవరూ ప్రార్థనలో కలవలేదు. నేనొక్కదాన్నే మోకాళ్లూని వాడికోసం ప్రార్థించాను. ఆమెన్ కూడా నేనే అన్నాను, వీధిలోకి వినపడేలా.