సంచీ నాదేనన్న మామ

మా మామ పోయాడని పొద్దున్నే అత్త ఫోను చేసింది. "స్నానానికని లేచినాడబ్బీ, గడప దాటలేదు. ఆస్పత్రికి తీసకపోయే లోపలే అయిపోయింది. గుండె అంటాండారు" అని ఫోను పెట్టేసింది. నేను ధర్మవరంలో రైలెక్కి హిందూపురంలో దిగేసరికి, వీధి వీధంతా వేరే కారణం తేల్చేసింది. షామియానా కింద కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు నాకు వినపడేటట్టే మాట్లాడుకుంటున్నారు.

"తాగుడప్పా, ఇంకేముండాది? మాస్టరు పని పోయిందీ దాంతోనే కదా."

"ఇట్లాంటోళ్లకి లోపల లివరే ఉండదంట."

వాళ్లతో ఆ రోజు నేను పోట్లాడలేదు. శవం ముందర పోట్లాడితే మామకే నచ్చదు. కానీ ఆయన ఏం తాగేవాడో, ఎట్లా తాగేవాడో, పని ఎందుకు పోయిందో తెలిసినవాణ్ని కాబట్టి ఇప్పుడు మీకు చెప్తున్నాను.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. హిందూపురం నుంచి రోజూ పోయి, పెనుకొండలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. అంతకుముందు బెంగుళూరు దగ్గర ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబులో కొన్నాళ్లు పనిచేశాడు. జీతం చాలక వదిలేసి వచ్చాడుగానీ, ఆ రుచి చూసే అలవాటు మాత్రం వెంట తెచ్చుకున్నాడు. వారానికి ఒకసారి, ఆదివారం, అదీ మధ్యాహ్నం పూట, అన్నానికి ముందు. మిగతా ఆరు రోజులూ దాని ఊసే ఉండదు. "మొదటి గుటక దప్పికకు, రెండోది రుచికి, ఆ తర్వాత తాగేదంతా గొప్పకే" అనేవాడు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, తొంభైల మొదట్లో, ఆ ఆదివారాలకు నన్నూ పిలిచేవాడు. మూడో మనిషి ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఆయన. మామకు చిన్నప్పటి క్లాసుమేటు. సరుకు పనిమీద బొంబాయి, మద్రాసు తిరుగుతూ, యాడ కొత్త రకం కనపడినా ఒక సీసా తెచ్చేవాడు. మామ వాటిని తడిపిన గోనెసంచిలో చుట్టిపెట్టి, చిన్న గాజు గ్లాసుల్లో తలా కొంచెం పోసేవాడు. గ్లాసు కడిగిన సబ్బు వాసన కొంచెం మిగిలినా ఊరుకోడు, మళ్లీ కడిగి రమ్మనేవాడు. అత్త ఉడకబెట్టిన చెనిక్కాయలు పళ్లెంలో తెచ్చి, పక్కన పెట్టి లోపలికి పోయేది.

ఇంక మొదలయ్యేది పంచాయితీ. మామది లాగర్ బీరు పక్షం. తేలిగ్గా, లేతగా ఉండల్ల, ఎండిన వరిగడ్డి వాసన రావల్ల అనేవాడు. వ్యాపారిది స్ట్రాంగ్ పక్షం.

"తలకెక్కకపోతే దుడ్లు పెట్టి తాగేదెందుకు సారూ? నీ లాగర్ కంటే మజ్జిగ నయం."

"మజ్జిగలో గూడా రకాలుండాయి, నీకు తెలీదు. స్ట్రాంగంటే అది బీరు కాదప్పా, తొందర."

"నువ్వేమంటావబ్బీ?" అని ఇద్దరూ నావైపు తిరిగేవాళ్లు. నాకు బెంగుళూరు పబ్బుల్లో కొళాయి తిప్పి పట్టిచ్చే డ్రాట్ బీరు ఇష్టం. ఆ సంగతి చెప్తే ఇద్దరూ కలిసి నా మాట కొట్టిపారేసేవాళ్లు. ఒకసారి వ్యాపారి బొంబాయి నుంచి విదేశీ నల్లబీరు డబ్బా తెచ్చాడు. నేను నోట్లో పోసుకుని ముఖం చిట్లించాను. మామ కళ్లు మూసుకుని చాలాసేపు నాలుక మీద ఉంచుకుని, "సంగటి కుండలో అడుగంటిన మాడు. గోకి తింటాము చూడు, అదే" అన్నాడు. మళ్లీ తాగి చూస్తే నిజంగానే అదే రుచి. అత్త ఆ మాట విని వంటింట్లోంచి నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు నేను విన్నది ఎక్కువసార్లు కాదు.

తర్వాత మన రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది. తాగాలంటే కర్ణాటక సరిహద్దు దాటాలి. చాలామంది దాటి, తాగి, ఊగుతూ వచ్చేవాళ్లు. మామకు అది కుదరలేదు. "ఆడ ఒకటి తాగి ఈడికొచ్చి మాట్లాడితే పోలిక తెలుస్తుందా? పక్కపక్కన పెట్టుకోని చూడల్ల" అన్నాడు. ఒక ఆదివారం ఆయన, వ్యాపారి కలిసి గౌరీబిదనూరు పోయి, నాలుగు రకాల సీసాలు సంచీలో పెట్టుకుని బస్సెక్కారు.

బస్సులో ఏం జరిగిందో మామ నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ నేను పట్టుబట్టి అడిగితే. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. సీటు కింద సంచీ బయటికి లాగారు. తనిఖీకి వచ్చిన అధికారి కొడుకు మామ దగ్గర చదువుకున్నవాడే. ఆయన మామను గుర్తుపట్టి, గొంతు తగ్గించి, "సార్, ఇది మీది కాదు కదా?" అన్నాడట. కాదంటే చాలు. కానీ పక్క సీట్లో సరిహద్దులోని అగళికి చెందిన ఒక కూలీ ముసలాయన కూర్చుని ఉన్నాడు. మామ నోరు తెరవకముందే ఒక కానిస్టేబులు ఆ ముసలాయన చొక్కా పట్టుకుని లేపాడు. ముసలాయన "నన్దల్ల సామీ, నన్దల్ల" అని, తనది కాదని కన్నడంలో మొరపెట్టుకుంటున్నాడు.

"నాదేనంటిని" అన్నాడు మామ నాతో. "ఇంకేమనాలబ్బీ?"

"చీరలాయన ఏమన్నాడు మామా?"

"వెనక సీట్లో ఉన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తాండాడు."

ఆ సీసాల్లో రెండు చీరలాయన ఏరికోరి కొనిపించినవే. మామ పోలీసులకు ఆయన పేరు చెప్పలేదు.

మరుసటి రోజు పేపర్లో ఫోటో వచ్చింది. బల్లమీద సీసాలు, వాటి వెనక సైన్సు మాస్టరు. స్కూలువాళ్లు ఆ వారమే తీసేశారు. ఇంటి దగ్గర ట్యూషను పెడితే, తాగుబోతు ఇంటికి ఆడపిల్లల్ని పంపేది లేదన్నారు. చివరికి ఒక చెనిక్కాయ నూనె మిల్లులో లెక్కలు రాసే పనికి కుదిరాడు. అత్త రవికలు కుట్టి ఇల్లు నడిపింది. ఒకరోజు నా ముందరే ఆయనతో అనేసింది:

"నువ్వు చెప్పిన నిజం పొయ్యిలో పెడితే మండుతుందా?"

మామ తల వంచుకుని, "మండదు" అన్నాడు. అంతే.

కొన్నాళ్లకు నిషేధం ఎత్తేశారు. పెనుకొండలో ఆ స్కూలు ఉన్న రోడ్డులోనే బ్రాందీ షాపు తెరిచారు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయి, మళ్లీ పని అడిగాడు. పేరు చెడిపోయింది కదా సార్, పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరు అన్నారు. బయటికొచ్చి, తోడుగా పోయి గేటు దగ్గర నిలబడ్డ నాతో, "చట్టానికి మాఫీ దొరికిందబ్బీ, నాకు దొరకలేదు" అన్నాడు. ఆ పూట ఆయన నవ్వాడుగానీ, ఆ నవ్వు చూడలేక నేను బస్టాండు వైపు తిరిగాను.

చీరలాయన ధర్మవరంలో రెండు మద్యం షాపులు వేలంలో పాడుకున్నాడు. కారు కొన్నాడు, కులసంఘంలో పెద్ద అయ్యాడు. ఆదివారాలకు రావడం మానేశాడు. మామ, నేను మాత్రం కూర్చునేవాళ్లం. సంచీ తడిపేవాడు, గ్లాసులు కడిగేవాడు, పోసేవాడు. నేనే ఏదో ఒకటి ఎత్తుకుని, ఇది బాగుందా, అది బాగుందా అని అడిగేవాణ్ని. ఒకరోజు గ్లాసు సగంలో కింద పెట్టి, "ఇప్పుడన్నీ ఒకే మాదిరి ఉండాయబ్బీ" అన్నాడు. ఆయన పని పోయినరోజు కూడా నాకు అంత బాధ కలగలేదు.

మూడో రోజు సమాధి దగ్గర ఎడ పెట్టాము, పోయినాయనకని వడ్డించే కూడు. అరిటాకులో అన్నం, వడ, చెనిక్కాయల చట్నీ. అప్పుడు కారు దిగి చీరలాయన వచ్చాడు. జేబులోంచి బ్రాందీ క్వార్టరు తీసి ఆకు పక్కన పెట్టి, "సారుకు ఇష్టమని తెస్తి" అన్నాడు. ఎవరో అవునవునన్నారు.

అత్త ఆ సీసా తీసి ఆయన చేతికే ఇచ్చింది. "ఆయప్ప ఒక్కనాడు గూడా బ్రాందీ ముట్లేదు. ఊరోళ్లకు తెలీదు సరే, నీకు తెలీదా? ఆదివారం ఆదివారం ఆయప్ప పక్కనే కూర్చోనుంటివి." అరిటాకు సర్దుతూ, "బస్సులో గూడా ఉంటివి" అంది.

చీరలాయన సీసా జేబులో పెట్టుకుని కారెక్కాడు.

ఎండ ముదిరింది. ఆకు ముట్టడానికి కాకి రాలేదు. చుట్టాలు ఒక్కొక్కరే వేపచెట్టు నీడకు జరిగారు. పోదాం రా అని పిలిచినా అత్త కదల్లేదు. ఎవరిదో గొడుగు అడిగి తీసుకుంది. తన తలమీద పట్టుకోలేదు. అన్నం ఎండిపోకుండా ఆకు మీదికి వంచి పట్టుకుని, నడినెత్తిన ఎండ కొడుతుంటే అట్లాగే నిలబడి ఉంది.