అవునవునంటూ లోర్నా ఇచ్చేసిన నంబరు

లోర్నా ఐవ్‌సన్‌కి అవతలివాళ్లు మాట్లాడుతుండగా ఫోను పెట్టేయడం చేతకాదు. ఉత్తర ఇంగ్లండులోని మా స్వేల్‌డేల్ లోయలో చాలామందికి ఆ జబ్బు ఉంది గానీ, లోర్నాది మరీ ముదిరిన కేసు. అవతలివాడు మాట్లాడుతున్నంతసేపూ "అవునవును నాన్నా", "ఆహా, బాగుంది", "సరే మరి" అంటూ ఊఁ కొడుతూనే ఉంటుంది. అది ఒప్పుకోవడం కాదు, వింటున్నానని చెప్పడం. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకి ఆ తేడా వేరే చెప్పక్కర్లేదు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడం మా దగ్గర మహా అమర్యాద.

లోర్నాది టాక్సీ. భర్త డెరెక్ పోయాక అతని బండినీ, బండి తలుపు మీద రాయించిన ఫోను నంబరునీ అలాగే నడుపుకొస్తోంది. ముసలివాళ్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, మందులు తెచ్చివ్వడం, మంచు పడ్డ రోజుల్లో రొట్టె, పాలు చేరవేయడం ఆమె పని. పేరుకి అదొక బిజినెస్. ఫోను కూడా బిజినెస్ పేరు మీదే ఉంది. ఆ మాట ముందుముందు ఆమె మెడకు చుట్టుకుంటుందని ఎవరికి తెలుసు!

ఆ నంబరు మీద బతుకుతున్నవాడు విల్ఫ్ ఆల్డర్సన్. లోయ పై కొసన ఒంటరి ఇల్లు. జీవితమంతా సున్నం చుక్క లేకుండా రాయి మీద రాయి పేర్చి పొలాల గోడలు కట్టినవాడు. పక్షవాతం వచ్చి చేతులు కాస్త తేరుకున్నాయి గానీ మాట పడిపోయింది. కౌన్సిల్ వాళ్లు మెడలో వేసుకోమని ఒక మీట ఇచ్చారు, ఆపదొస్తే నొక్కమని. ఆయన దాన్ని తీసుకెళ్లి పొట్టేలు మెడలో కట్టాడు. పొట్టేలు గోడకి మెడ రుద్దుకున్నప్పుడల్లా సాయానికి జనం పరిగెత్తుకొచ్చేవాళ్లు. చివరికి విసిగిపోయి మీట పట్టుకుపోయారు.

అప్పుడు లోర్నా ఒక ఏర్పాటు చేసింది. ఆయన ఇంటి ఫోనులోని పెద్ద ఎర్ర బటన్‌కి తన నంబరు కలిపింది. ఆయన బటన్ నొక్కి, రిసీవర్ మీద గోటితో రెండుసార్లు తడతాడు. టక్, టక్. అంటే రమ్మని. "అవునవును విల్ఫ్, వస్తున్నా" అంటుంది లోర్నా. అంతే సంభాషణ. కిందటి చలికాలంలో ఆయన ఊపిరందక కొట్టుకుంటుంటే ఆ రెండు తట్లే ప్రాణం నిలబెట్టాయి.

ఆ మంగళవారం పొద్దున లోర్నా రీత్ ఊళ్లో డాక్టరుగారి వాకిట బండి ఆపుకుని, ఫ్లాస్కులో టీ తాగుతోంది. ఫోను మోగింది.

"మిసెస్ ఐవ్‌సన్ గారేనా? నా పేరు కీరనండీ. మీ మొబైల్ కంపెనీ బిజినెస్ విభాగం నుంచి."

"చెప్పు నాన్నా."

"మీలాంటి పాతవాళ్లకి కొత్త ఫోను ఇస్తున్నామండీ. బిల్లు కూడా తగ్గుతుంది."

"ఆహా, బాగుంది. ఆ దగ్గేంటి నాన్నా, ఛాతీలోంచి వస్తోంది?"

"ఏదో జలుబండీ. ఇప్పుడు మన మాటలు రికార్డవుతాయి, మామూలే. వివరాలు చదువుతాను, సరేనా?"

"సరే మరి. నిమ్మరసంలో తేనె కలుపుకుని తాగు."

కీరన్ గడగడా చదివాడు. లోర్నా అలవాటు ప్రకారం ఊఁ కొట్టింది. మధ్యలో తన కబుర్లు తాను చెప్పింది. ఆఖర్న, ఖాతా సరిచూసుకోవాలి, ఫలానా నంబరుకి ఒక మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది, అది చదవండి అన్నాడు. చదివింది. తను తీసుకొచ్చిన ముసలావిడ మిసెస్ కాల్వర్ట్ డాక్టరు దగ్గర్నుంచి కర్ర ఊపుకుంటూ బయటికొచ్చేసరికి అంతా అయిపోయింది.

ఇక్కడ ఇంకెవరైనా అయితే ఆ సంగతి మరిచిపోయేవాళ్లు. మా లోర్నా మరవదు. కుర్రాడు జలుబుతో కూడా ఓపిగ్గా మాట్లాడాడు, వాడి పైవాళ్లకి ఒక మంచి మాట చెబుదామని మధ్యాహ్నం తన మొబైల్ కంపెనీకి తనే ఫోను చేసింది!

"కీరనా? మేమెవరం మీకు ఫోను చెయ్యలేదే" అంది అక్కడి అమ్మాయి. తర్వాత ఆమె గొంతు మారిపోయింది. "అమ్మా, మీరు మా కంపెనీ వదిలి వెళ్తున్నట్టు కోడ్ తీసుకున్నారు. వేరే కంపెనీవాళ్లు దాన్ని వాడేశారు. రేపు మీ నంబరు వాళ్లకి వెళ్లిపోతుంది."

"అలా ఎలా వెళ్తుంది తల్లీ? ఆపెయ్యి."

"మా చేతుల్లో లేదండీ. వాళ్లే ఆపాలి."

మా లోయ పైభాగంలో ఉన్నది ఒకే ఒక్క టవరు. అక్కడ ఒక్క లోర్నా ఇప్పటి కంపెనీ ఫోన్లే మోగుతాయి. కొత్త కంపెనీకి వెళ్లాక నంబరు అదే ఉంటుంది, కానీ లోయలో మోగదు. విల్ఫ్ ఎర్ర బటన్ నొక్కుతాడు. రిసీవర్ తడతాడు. వినేవాళ్లుండరు.

కీరన్ ఫోను చేసిన నంబరుకి తిరిగి చేసింది. ఈసారి గోర్డన్ ట్రాస్క్ అనే మేనేజరు పలికాడు. నిమ్మకు నీరెత్తినట్టు మాట్లాడాడు.

"మీరే ఒప్పుకున్నారు మేడమ్."

"నేనేం ఒప్పుకోలేదు బాబూ! మా కంపెనీ అనుకున్నాను. వద్దు. రద్దు చెయ్యండి."

"మనసు మార్చుకునే గడువు మామూలు జనానికండీ. మీది బిజినెస్. నోటిమాటే ఒప్పందం. మూడేళ్లు. ఇప్పుడు తెంచుకుంటే మూడేళ్ల డబ్బూ కట్టాల్సి ఉంటుంది. అర్థమైందా?"

"అవు..." అని, నాలుక కరుచుకుంది లోర్నా. జీవితంలో మొదటిసారి అవతలివాడు మాట్లాడుతుండగా ఫోను పెట్టేసింది.

అట్నుంచి అటే విల్ఫ్ ఇంటికి వెళ్లి, రేపట్నుంచి ఎర్ర బటన్ నమ్ముకోవద్దని చెప్పింది. టీ కొట్టు నడిపే తన చెల్లెలు జిల్ నంబరు రాసిన కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన కాగితం వంక చూడలేదు. ఆమె మొహంలోకే చూశాడు. "ఏం కాదులే పెద్దాయనా" అంది గానీ, ఆ అబద్ధం ఆమెకే నచ్చలేదు.

బుధవారం పొద్దున నిద్ర లేచి ఫోను చూస్తే సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. లోర్నా టీ కూడా పెట్టుకోలేదు. కోటు తగిలించుకుని బండెక్కింది. ఇరుకు రోడ్డు, రెండు పక్కలా విల్ఫ్ కట్టిన గోడలే. ఒకచోట గొర్రెలు అడ్డం. ఎప్పుడూ కిటికీ దించి వాటితో కబుర్లాడే మనిషి ఆ రోజు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

తలుపు తోసేసరికి పొయ్యి చల్లగా ఉంది. విల్ఫ్ నేల మీద ఉన్నాడు, కుర్చీకీ గోడకీ మధ్య. పడేటప్పుడు ఫోను కూడా లాక్కుని పడ్డట్టున్నాడు. రిసీవర్ చెవి దగ్గరే ఉంది. గోటితో దాన్ని తడుతున్నాడు. టక్, టక్. ఆగి, మళ్లీ టక్, టక్. వేలి కొస చిట్లి రక్తం కారుతోంది.

"అయ్యో, అయ్యో, నా మొహం మండా!" అంటూ లోర్నా మోకాళ్ల మీద కూలబడింది. కాగితం మీది నంబరు నొక్కవచ్చుగా అని అడగబోయింది. అడగలేదు. ఆ చిన్న చిన్న అంకెల బటన్లు ఆయన వేళ్లకి ఎక్కడ దొరుకుతాయి! ఆ మాత్రం తనకి తట్టకపోయినందుకు తనమీద తనకే ఒళ్లు మండింది.

ఎముకలేవీ విరగలేదు. మోచేయి కమిలింది, ఒళ్లు మంచుగడ్డలా ఉంది. కంబళి చుట్టి, బండిలో కూర్చోబెట్టి, హీటరు పెట్టి తిన్నగా చెల్లెలు జిల్ టీ కొట్టుకి తెచ్చింది. నర్సుకి కబురు పంపి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి, చేతికి వేడి సూప్ ఇచ్చింది. కొట్టు నిండా జనం. కొండెక్కడానికొచ్చినవాళ్లు, తడిసిన కుక్కలు, మూల బల్ల దగ్గర మిసెస్ కాల్వర్ట్.

"నీ కొట్టు ఫోను ఇలా తేవే" అంది లోర్నా చెల్లెలితో.

"వాళ్లతో నువ్వేం మాట్లాడతావక్కా? వాడు తిడితే కూడా ఊఁ కొడతావు నువ్వు" అంది జిల్.

"తెమ్మన్నానా? అందరికీ వినబడేలా పెట్టు."

ట్రాస్క్ పలికాడు. మీరే ఒప్పుకున్నారన్న పాటే మళ్లీ పాడాడు. "రికార్డింగ్ వినిపించమంటారా?" అన్నాడు ఎకసెక్కంగా.

"వినిపించు."

కొట్టులో చెంచాల చప్పుడు ఆగిపోయింది. లోర్నా గొంతు లోర్నాకే వినబడింది. కీరన్ ఏదో చదువుతాడు, ఆమె అవునవును అంటుంది. మూడేళ్ల ఒప్పందం అంటాడు, ఆహా బాగుంది అంటుంది. సమ్మతమేనా అంటాడు, సరే మరి అంటుంది. వినేవాళ్లు తలలు దించుకున్నారు. మొదట్లో 'మీ మొబైల్ కంపెనీ నుంచి' అన్న ముక్క మాత్రం అందులో లేదు. రికార్డింగ్ దాని తర్వాతే మొదలవుతోంది. లోర్నా మెడ దాకా ఎర్రబడింది. ఇక తన పని అయిపోయిందనుకుంది.

పొయ్యి పక్కన టక్, టక్ అని చప్పుడైంది.

విల్ఫ్ చెంచాతో బల్ల మీద కొడుతున్నాడు. మళ్లీ కొట్టాడు. ఫోను వైపు వేలు చూపించి, వేలిని వెనక్కి తిప్పాడు.

"వెనక్కి పెట్టమంటున్నాడే" అంది మిసెస్ కాల్వర్ట్.

"ఆపు బాబూ" అంది లోర్నా. "ఇప్పుడు వచ్చిన ముక్క మళ్లీ వినిపించు."

"అవసరం లేదు మేడమ్, మీకు స్పష్టంగా..."

"వినిపించు!"

ఆ గొంతు ఆమెదేనా అని జిల్ వెనక్కి తిరిగి చూసింది. ట్రాస్క్ ఏమనుకున్నాడో, మళ్లీ పెట్టాడు. ఒప్పందం మాటల మధ్య లోర్నా దొర్లించిన కబుర్లు వచ్చాయి. "మా డెరెక్ ఉన్నప్పట్నుంచీ మీ కంపెనీయే నాన్నా. ఇన్నేళ్లలో మీవాళ్లు ఇలా పలకరించడం ఇదే మొదలు." ఆ వెంటనే, దగ్గుతూ, కీరన్ గొంతు. "అవునండీ. ఇన్నేళ్లుగా మాతోనే ఉన్నారు కదా, అందుకే మీకీ ఆఫర్."

"అదీ!" అని అరిచింది జిల్.

లోర్నా ఫోను దగ్గరికి వంగింది. "గోర్డన్ బాబూ, మంగళవారానికి ముందు నేను మీ దగ్గర ఏ రోజైనా ఉన్నానా?"

"అంటే మేడమ్, ఆ అబ్బాయి ఉద్దేశం..."

"ఉన్నానా, లేనా?"

"మీరు అర్థం చేసుకోవాల్సింది..."

"నేను చాలా అర్థం చేసుకున్నాను. పొద్దున మాట రాని మనిషి నేల మీద పడి, వేలు చిట్లేలా ఈ నంబరుకి తడుతున్నాడు. అది నువ్వు అర్థం చేసుకో. ఇక్కడ కొట్టు నిండా జనం ఉన్నారు, అందరూ విన్నారు. ఉన్నానా, లేనా?"

చాలాసేపు ఏమీ వినబడలేదు. ఒక కుక్క ఒళ్లు విదిలించుకుంది. లోర్నా ఈసారి ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి ఒక్క మాట అనలేదు.

"లేరు" అన్నాడు ట్రాస్క్.

ఒప్పందం రద్దు, పైసా కట్టక్కర్లేదు, నంబరు తిరిగి వెనక్కి వెళ్లే ఏర్పాటు చేస్తామన్నాడు. రెండు రోజులు పట్టొచ్చట. అదంతా మళ్లీ చెప్పించి, జిల్ తన ఫోనులో రికార్డు చేసింది. పెట్టేసే ముందు లోర్నా "ఆ కుర్రాడి దగ్గు తగ్గిందా?" అని అడిగేసింది. అడిగి, నెత్తి కొట్టుకుంది. కొట్టంతా గొల్లున నవ్వింది.

ఆ రెండు రోజులూ లోర్నా పొద్దునా సాయంత్రం విల్ఫ్ ఇంటికి వెళ్లొచ్చింది. మిగతా వేళల్లో బండి నడుపుతూ నోరు మెదపలేదు. ఎవరేం చెప్పినా పెదాలు బిగించుకుని వినేది. "నామీద ఏమైనా కోపమా తల్లీ?" అని మిసెస్ కాల్వర్ట్ అడిగేదాకా వచ్చింది. కోపం కాదు, భయం. తన నోటి 'అవునవును' ఎవరి చేతిలో పడుతుందోనని భయం. ఇన్నేళ్ల మర్యాద ఒక్క పూటలో ఎవడో ఎత్తుకుపోయినట్టుంది ఆమెకి.

శనివారం పొద్దున పెట్రోలు పోయించుకుంటుండగా ఆమె ఫోను మోగింది. నాలుగు రోజుల్లో మొదటిసారి. లోర్నా ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. హలో కూడా అనలేదు. అవతల కూడా మాట లేదు, ఊపిరి ఒకటే వినబడింది.

టక్, టక్.

"అవును" అంది లోర్నా. "అవునవును విల్ఫ్. వస్తున్నా, వస్తున్నా!"

కొండ రోడ్డు మీద ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తింది. విల్ఫ్ కుర్చీలో నిక్షేపంగా కూర్చుని ఉన్నాడు. వేలికి కట్టు. పొయ్యి మీద కెటిల్ మరుగుతోంది. బల్ల మీద రెండు కప్పులు, పక్కన బిస్కెట్ల డబ్బా.

"ఏమైంది? ఎక్కడ నొప్పి?" అంది లోర్నా రొప్పుతూ.

ఆయన తల అడ్డంగా ఊపాడు. కుర్చీ చూపించాడు. లోర్నా కోటు కూడా విప్పకుండా కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని ఇద్దరికీ టీ పోసింది.