అకాడమీని కొండ దిగనివ్వని మాస్టారు

మాస్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను గోల్‌పోస్టుకి వల కడుతున్నాను. పార్వతీపురం నుంచి వాళ్లబ్బాయి చేశాడు. "తెల్లారగట్ల నాన్న పోనారక్కా," అన్నాడు. పిల్లలు చూస్తున్నారు, ఆపుకుందామనుకున్నాను గానీ నా వల్ల కాలేదు. అక్కడే గడ్డిలో కూలబడి భోరుమని ఏడ్చాను. తర్వాత లేచి మిగిలిన వల కట్టాను. పని సగంలో వదిలేస్తే ఊరుకునే మనిషి కాదాయన.

అరకు లోయలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి పిల్లల అకాడమీ ఉందని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. క్లబ్బు ఉండేది పట్నంలో. జీతాలకి ఆడే ఆటగాళ్లు, ఫ్లడ్‌లైట్లు, హంగూ ఆర్భాటం అన్నీ అక్కడే. రేపటి ఆటగాళ్లు తయారయ్యేది మాత్రం ఇక్కడ. మాస్టారు ఈ అకాడమీకి మొదటి కోచ్. నేను ఆయన మొదటి జట్టులో డిఫెండర్‌ని, ఇప్పుడు ఇక్కడే కోచ్‌ని. అకాడమీ చరిత్ర రాసిమ్మని క్లబ్బువాళ్లు ఒకసారి మాస్టారుని అడిగితే, "నాకు రాయడం రాదు బాబూ, ఆ గుంటనడగండి," అని నావైపు చూపించి తప్పించుకున్నారు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. రాస్తున్నాను మాస్టారూ, మీరు చదవడానికి లేకుండా పోయాక.

చరిత్ర అంటే మొదలైందే ఒక పొరపాటుతో. మొదటి ఏడు సెలక్షన్ తేదీని పట్నం ఆఫీసులో కూర్చుని పెట్టేశారు. అది సరిగ్గా మా ఇటుకల పండగ రోజుల్లో పడింది. ఆ పండక్కి మగవాళ్లు వేటకని అడవికి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయే బళ్లని ఆపి పండగ మామూలు అడుగుతారు. బంతి ముఖం చూసేదెవరు? మాస్టారు ఎక్కొచ్చిన జీపుని ఆపింది మా అమ్మే.

"ఏటమ్మా, గుంటలొక్కరూ కనబడరేటి? ఈయేళ ఆటల సెలక్షన్ కదా!" అన్నారట మాస్టారు.

"ఇటుకల పండగలో ఆటేటి బాబూ? దిసారినడక్కుండా రోజెవులు పెట్టినారు?" అని మా అమ్మ ఎదురు గదమాయించిందట.

దిసారి అంటే మాకు మంచి రోజు చూసి చెప్పే పెద్ద. పట్నం నుంచి వచ్చినాయన కోపంగా జీపు తిప్పుకుని పోతాడనుకుంది అమ్మ. ఆయన జీపు దిగి, దిసారి ఇల్లు ఎటని అడిగారు. ఆ తర్వాత ఏ ఏడూ దిసారిని అడక్కుండా తేదీ పెట్టలేదు. "ఫుట్‌బాల్‌కి ముహూర్తమేంటండీ!" అని క్లబ్బు మేనేజరు నవ్వితే, "నీ పెళ్లికి సూసుకోనేదేటి బాబూ?" అన్నారు మాస్టారు. మేనేజరు మళ్లీ ఆ మాటెత్తలేదు.

పొద్దున్నే చోడంబలి, అదే రాగి జావ, తాగకుండా ఎవరినీ గ్రౌండులోకి రానిచ్చేవారు కాదు. గ్లాసు ఖాళీ అయిందో లేదో ఒంచి చూసేవారు. కోపమొస్తే మా పేర్లన్నీ మరిచిపోయేవారు, అందరం గుంటలమే. నాకు పెళ్లై ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా "ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు?" అనే పిలిచారు. ఇంక అలా పిలిచేవాళ్లు లేరు నాకు.

డిఫెండర్లంతా ఒకేసారి ముందుకు జరిగి, వెనక మిగిలిన ఎదుటి జట్టువాళ్లని ఆఫ్‌సైడ్‌లో పట్టేయడం ఎలాగో బోర్డు మీద గీసి చెప్తే మాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఒకసారి మావాళ్లు దింసా నాట్యం ఆడుతుంటే చూశారు. నడుముల వెనక చేతులు పెనవేసుకుని వరుసంతా ఒక్కటిగా అడుగు వేయడం ఆయనకి తెగ నచ్చింది. మర్నాడు డిఫెండర్లని అలాగే నిలబెట్టారు. "ముందుకంటే అందరూ ముందుకే. ఒకర్తి ఎనకుండిపోయిందా, గోలైపోతాది!" అన్నారు. అంతే, వచ్చేసింది. ఎంత బాగా వచ్చిందంటే, పార్వతీపురంలో మొదటి మ్యాచ్‌లో గాబరాపడి నిజంగానే చేతులు పట్టేసుకుని వరుసగా ముందుకొచ్చేశాం. రిఫరీ విజిల్ ఊదడం మరిచిపోయి నోరు తెరిచాడు. జనం ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టైంది. మాస్టారు తిట్టలేదు. దగ్గరికి పిలిచి, "సేతులొదిలెయ్యండి, అడుగొదలకండి," అన్నారు. మేము అడుగు వదల్లేదు, మ్యాచ్ గెలిచాం.

క్లబ్బుకి మాత్రం ఎప్పుడూ ఒకటే ఆలోచన. బాగా ఆడేవాళ్లని ఏరుకుని పట్నం హాస్టల్లో పెట్టేస్తే కొండ మీద అకాడమీ ఎందుకని. ఆ మాట వచ్చినప్పుడల్లా మాస్టారు ససేమిరా అనేవారు. "సంతకొచ్చిన అమ్మ, కూతురాట సూసి పోతంది. పట్నంలో ఎవుర్ని సూసుకుని ఆడతాది గుంట?" అనేవారు. ఆయన ఉన్నన్నాళ్లూ అకాడమీ కొండ దిగలేదు.

ఆయన పెదకర్మ భోజనాల దగ్గరే మేనేజరు నన్ను పక్కకి పిలిచాడు. "ఆయన్ని చూసి పిల్లల్ని పంపేవారు మేడం. ఇంక కొండ మీద సెలక్షన్‌కి ఎవరొస్తారు? ఈ ఏడు పట్నంలోనే పెట్టేద్దాం," అన్నాడు. తిన్న చెయ్యి ఇంకా ఆరలేదు, అప్పుడే ఈ మాట! నాకు ఒళ్లు మండిపోయింది. "ఒక్కరోజు ఇవ్వండి, కొండ మీదే సెలక్షన్ పెడతాను. పిల్లలు రాకపోతే అకాడమీకి తాళం నేనే వేసిస్తాను," అన్నాను. అనేశాక భయం వేసింది. అయినా అన్న మాట అన్నదే.

దిసారి రోజు చెప్పాడు. ముంచింగిపుట్టు సంతలో నిలబడి ఆ రోజు సెలక్షన్ అని అరిచి చెప్పాను. గూడెం కొత్తవీధి వైపు కాఫీ తోటల్లో ఇల్లిల్లూ తిరిగాను. "బాబు పోనారు కదమ్మా, మా మనవరాల్నెవులు సూత్తారు?" అని అడిగింది ఒక అవ్వ. "నేను సూత్తానవ్వా," అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మళ్లీ కాఫీ గింజలు ఆరబోసుకోవడంలో పడిపోయింది. చాలా ఇళ్లలో అదే జవాబు.

సెలక్షన్ రోజు పొగమంచు ఎంత దట్టంగా పట్టిందంటే, పక్కన నిలబడ్డ మేనేజరు కూడా నీడలా ఉన్నాడు. శాలువా లాక్కుంటూ మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు.

"వెళ్దామా మేడం?" అన్నాడు చివరికి.

"ఆగండి."

అప్పుడు రోడ్డు వైపు నుంచి టప్పుమని బంతి నేలకి తగిలిన చప్పుడు. కాసేపటికి కాఫీ తోట వైపు నుంచి ఇంకొకటి. ఆ వెనక వాగు అవతల నుంచి. పిల్లలు బంతులు తన్నుకుంటూనే వస్తున్నారు. ఇంకా ఒక్క ముఖమూ కనబడలేదు. మంచులో నాలుగు వైపుల నుంచీ బంతుల చప్పుడు మాత్రం దగ్గరవుతోంది.