మూడు చుక్కల ఇంటిపేరు

నా చిన్నప్పుడు, నాచారంలో, మా ఇంట్లో ఒక జపాను పండితుడు రాత్రికి రాత్రే తయారయ్యాడు. ఆ తేదీ నాకు రూఢిగా తెలియదు, తెలియనిది రాయను. ఎండాకాలమని మాత్రం చెప్పగలను.

పండితుడు మా బాబాయి. ప్లాస్టిక్ బకెట్లు అచ్చుపోసే కర్మాగారంలో సూపర్‌వైజరు. అక్కడికి జపాను నుంచి ఒక పాత యంత్రం దిగింది. దానికి రెండు మూతలు: ఒకటి నూనె పోయడానికి, రెండోది చల్లబరిచే నీళ్లకు. ఏది దేనిదో వాటి మీద జపాను అక్షరాల్లో ఉంది. తారుమారైతే యంత్రం పోతుంది, దానితోపాటు బాబాయి ఉద్యోగమూ పోతుందని యజమాని ముందే హెచ్చరించాడు. బొంబాయి మెకానిక్కు వచ్చేదాకా ఆగమన్నాడు.

ఆగితే మా బాబాయి ఎందుకవుతాడు? ఆ అక్షరాలు చిన్న చిన్న ముక్కలతో కట్టినవనీ, ఎడమపక్క మూడు చుక్కలుంటే నీటికి సంబంధించినదనీ ఎక్కడో విన్నాడు. ఆ ఒక్క ముక్కతో భాషంతా తన జేబులో పడిందనుకున్నాడు.

"గింతేనా జపాను? మూడు సుక్కలున్నయంటే నీళ్లు. రేపు పొద్దుగాల నేనే పోసి నడిపిస్త. ఆ బొంబాయోడు వచ్చి నోరెళ్లబెట్టాలె!"

అప్పుడు మా వాకిట్లో పక్కింటి అక్క ఉంది. కాకినాడ మనిషి, ఉప్పల్‌లోని ఒక ప్రయోగశాలలో జపాను పత్రాలను అనువదించే ఉద్యోగం. ఆ మూతల మీది అక్షరాలు గీసి చూపమంది. బాబాయి సుద్దముక్కతో గచ్చు మీద గీశాడు: 油, 水. మొదటిదానికే ఎడమపక్క మూడు చుక్కలు. అక్క ఇంటికి వెళ్లి, రెండు చెంబులతో తిరిగి వచ్చింది. చెంబుల మీద మూతలు, ఒక్కో మూత మీద సుద్దతో ఒక్కో అక్షరం.

"ఎండన పడి వచ్చారు అన్నయ్యగారూ, మంచినీళ్లు తాగండి. ఏ చెంబో చెప్పమంటారా?"

"నాకే సెప్తవా చెల్లె?"

చుక్కలున్న చెంబు అందుకుని, తల పైకెత్తి, అలవాటు ప్రకారం నోట్లోకి ఎత్తి పోసుకున్నాడు. ఆముదం. అంట్లు తోమే జాలాడి దగ్గరకు ఆయన పరుగెత్తిన తీరు చూసి నేను నవ్వు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు.

అక్క మాత్రం నవ్వలేదు. మూడు చుక్కలు ఇంటిపేరు లాంటివని చెప్పింది: ద్రవాల కుటుంబమని తెలుపుతాయి, అందులో ఎవరో తెలపవు. అది తెలియాలంటే పక్కనున్న ముక్కనూ చదవాలి. అసలు నీళ్ల అక్షరంలో ఆ చుక్కలే లేవు. అదే అక్షరం కుంచించుకుని ఇంకొక దాని పక్కన చేరినప్పుడే మూడు చుక్కలవుతుంది.

"మీ ఇంటిపేరున్న వాళ్లందరూ మీరేనా? మీరంటే ఉమ్మేశారు. మీ యంత్రం ఉమ్మగలదా?"

బాబాయి మెకానిక్కు వచ్చేదాకా ఆగాడు. ఉద్యోగం నిలిచింది. గొప్పలూ నిలిచాయి: అక్క కంగారులో చెంబులు మార్చిందని చనిపోయేదాకా అందరికీ చెప్పుకున్నాడు.

మొన్న ఉప్పల్ మెట్రోలో ఒక కుర్రవాడు ఫోను చూస్తూ స్నేహితుడితో అంటున్నాడు: "మూడు చుక్కలుంటే నీళ్లేరా, మస్తు ఈజీ!" సగం చదివి మొత్తం తెలుసనే మనుషులను నేను గౌరవించలేను, ఈ వయసులో నేర్చుకోబోను కూడా. అటువంటి మాట ఎవరి నోట విన్నా, నా ముక్కుకు ఆముదం వాసన తగులుతుంది. తర్వాత, నా చేతిలో ఉన్నదాన్ని మొదటినుంచి చివరిదాకా మరొక్కసారి చదువుకుంటాను.