సంచి తొడిగిన బోర్డులు

రోడ్డు పని ముఠాలో ఆమెను అందరూ సంచులక్క అంటారు. పని జరిగే చోటికి ముందే, వచ్చే బళ్ళకు కనబడేలా హెచ్చరిక బోర్డులు నిలబెట్టడం ఆమె పని. మలుపు దగ్గర పైపుల కోసం తవ్విన గుంతలో దిగేది ఆమె తమ్ముడు. అందుకే గుంతకు రెండొందల అంగల ముందు బోర్డు పెట్టాలంటే రెండొందలే. నూట తొంభై దగ్గర ఆగి చేతులు దులుపుకునే రకం కాదు.

మొదటి వారం, పొద్దున పెట్టిన బోర్డులు సాయంత్రం దాకా అలాగే ఉండేవి. భోజనాల వేళ గుంతలో నరపురుగు కూడా ఉండదు. బోర్డు మీది బొమ్మ మనిషి మాత్రం ఒళ్ళు వంచి పారతో తవ్వుతూనే ఉంటాడు. మొదటి రోజు బళ్ళు నెమ్మదించాయి. నాలుగో రోజుకి ఒక్కడూ బ్రేకు మీద కాలు పెట్టలేదు. తమ్ముడు అన్నం తిని మళ్ళీ దిగాక కూడా అదే జోరు. ఒక లారీ గుంత అంచు మట్టిని అతని నెత్తిన రాల్చుకుంటూ పోయింది. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి.

మర్నాటి నుంచి పని ఆగగానే బోర్డులకు గోనె సంచులు తొడిగేది. మళ్ళీ మొదలయ్యే ముందు తీసేది. అన్నీ తీసి వచ్చేసరికి పావుగంట. అప్పటిదాకా ఎవరినీ దిగనిచ్చేది కాదు.

మేస్త్రికి ఒళ్ళు మండింది. "బోర్డులకి ఎండ తగుల్తోందా అక్కా? గొడుగులు కూడా పట్టు!"

"నవ్వుకో. మనిషి లేనప్పుడు ఉన్నాడని చెప్తే, ఉన్నప్పుడు ఎవడు నమ్ముతాడు?"

"రేపు కూడా ఇలాగే చేస్తే వేరేవాళ్ళని చూసుకుంటా."

"చూసుకో. వాళ్ళొచ్చేదాకా తొడుగుతూనే ఉంటా."

"పోనీలే అక్కా, ఉన్న పని పోతుంది," అన్నాడు తమ్ముడు భయంగా.

"పని ఇంకోటి దొరుకుతుంది. నువ్వు దొరకవు. నోర్మూసుకుని తిను."

మేస్త్రి గొణిగాడు, గుడ్లురిమాడు, కానీ వేరేవాళ్ళెవరూ దొరకలేదు. పది రోజులకి బళ్ళు మళ్ళీ నెమ్మదించసాగాయి.

ఒకరోజు భోజనాలయ్యాక పైపు అతుకు కారుతోందని కబురొచ్చింది. అది బాగుచేయడం తమ్ముడి వల్ల కాలేదు. మేస్త్రే దిగాల్సి వచ్చింది. నిచ్చెన మీద ఒక కాలు పెట్టి ఆగాడు. మెడ సాచి మలుపు వైపు చూశాడు.

"అక్కా, సంచులు తీశావా?"

"ఇంకోటుంది," అని ఆమె తీరిగ్గా నడక మొదలుపెట్టింది.

మేస్త్రి కాలు వెనక్కి తీసుకుని, ఆమె తిరిగొచ్చేదాకా గట్టు మీదే నిలబడ్డాడు.