కప్పు కిందా, ఆకాశం కిందా

మా ఆవిడ పోయింది. ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమె ప్లాను గీసిన ఇళ్ళలో ఉంటున్న మీలో కొందరికి ఇంకా తెలియకపోవచ్చు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున్న రెండు చెంచాల కాఫీ తాగింది. మూడోది వద్దంది. ముందురోజే కాకినాడ ఆసుపత్రి నుంచి కొత్తపేట దగ్గర మా ఇంటికి తీసుకొచ్చాను. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, ఇక చేసేది లేదని డాక్టరు గారు మర్యాదగానే చెప్పారు. మంచం మండువాలో వేయమంది. మా ఇంటి నడిమధ్య కప్పు లేని జాగా అది. నాలుగువైపుల నుంచీ పెంకుల చూరు దిగుతుంది, మధ్యలో ఆకాశం. మధ్యాహ్నం దాకా మబ్బుల్ని చూస్తూ పడుకుంది. సాయంత్రం వాన మొదలైంది. నేను మంచాన్ని చూరు కిందికి లాగాను. బరువైన టేకు మంచం. సగం వచ్చి స్తంభానికి తగులుకుంది. తల కప్పు కింద, కాళ్ళు వానలో.

"కాళ్ళు తడుస్తున్నాయి" అన్నాను.

"తడవనీండి" అంది.

తువ్వాలు తేవడానికి గదిలోకి వెళ్ళాను. వచ్చేసరికి పోయింది.

అంతే జరిగింది. తరవాత జరిగినదంతా ఆ మంచం గురించే.

ఆమె ఆర్కిటెక్టు. పట్నంలో చదువుకుని కోనసీమకి తిరిగొచ్చి ఇక్కడే పనిచేసింది. నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మాకు పిల్లలు లేరు. పరామర్శకి వచ్చినవాళ్ళు ఆమె చాలా మంచి మనిషన్నారు. మంచి మనిషే. నోరు మాత్రం మంచిది కాదు. అది అనుభవించినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు.

ఇల్లు కట్టుకుంటామని ఎవరైనా వస్తే ఆమె ముందు పెన్సిలు తీసేది కాదు. వేసవి మధ్యాహ్నం మీ ఇంట్లోవాళ్ళు ఎక్కడ కూర్చుంటారని అడిగేది. మగవాళ్ళకి చాలామందికి తెలిసేది కాదు. చూసి రమ్మని పంపేసేది. రాజోలు నుంచి వచ్చిన ఒకాయనకి కోపం వచ్చింది.

"ఇంత దూరం వచ్చేనండీ. ఈ మాత్రానికి మళ్ళీ ఎల్లి రమ్మంటారేంటండీ?"

"మీ ఇంట్లో మీరు చూసుకోనిది నేను ఇక్కడ కూర్చుని ఎలా చూస్తానండీ?"

వారానికి ఆయన మళ్ళీ వచ్చాడు. "పెరటి గుమ్మంలోనండీ. అమ్మ, మా ఆవిడ ఇద్దరూ. కొబ్బరి ఈనెలు చీరుకుంటా."

"అయితే హాలు అటు తిరుగుద్ది" అని అప్పుడు పెన్సిలు తీసింది. వీధి వైపు హాలు లేకపోతే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారని ఆయన బాధ. "వచ్చినవాళ్ళు గంటలో పోతారు. మీ అమ్మగారు రోజూ ఉంటారు" అంది. ఆయన ఇల్లు ఇప్పటికీ పెరటి వైపు తిరిగే ఉంది.

ఆమె సిద్ధాంతాలు చెప్పేది కాదు. స్థలం చూడటానికి వెళితే వరద ఎక్కడిదాకా వచ్చిందో చుట్టుపక్కల అడిగి, అరుగు దానికంటే ఎత్తు పెట్టించేది. వేసవిలో దక్షిణపు గాలి వచ్చే దారికి గోడ అడ్డం కట్టనిచ్చేది కాదు. మన వాన నిలువునా పడదు కాబట్టి చూరు బాగా బయటికి దించేది. ఒక మేస్త్రి, ఖర్చు కలిసొస్తుందని చూరు అడుగు తగ్గించాడు. అతన్ని గొడుగు తెమ్మంది. "దీని అంచు చుట్టూరా ఇలాగే కత్తిరించి వానలో నడవండి. పొడిగా తిరిగొస్తే బిల్లు ఇచ్చేస్తాను" అంది. అతను చూరు పొడిగించాడు. తరవాత పదేళ్ళు ఆమె దగ్గరే పనిచేశాడు. పాడె మోసినవాళ్ళలో అతనూ ఉన్నాడు.

ఆసుపత్రి గది కిటికీ తెరుచుకునేది కాదు. పెద్ద అద్దం బిగించేశారు. రెండో రోజు నన్ను దగ్గరికి పిలిచింది.

"అది పడమర కిటికీ. సాయంత్రం ఎండంతా నా మీదే. ఎండొస్తోందని పరదా వేసి, పరదా వేసేరని లైటేసి, వేడని ఏసీ పెంచుతున్నారు. ఎవరు గీసేరో కనుక్కోండి."

"కనుక్కుని?"

"తిట్టాలి."

"నీకు ఊపిరే అందట్లేదు."

"మీరు తిట్టండి. ఏమనాలో నేను చెప్తాను."

ఆ మర్నాడు ఇంటికి తీసుకెళ్ళమంది. సాయంత్రం మళ్ళీ అడిగింది. "ఎలాగూ పోతాను గదండీ. నాకు తెలిసిన గాలిలో పోనివ్వండి" అంది. తీసుకొచ్చాను.

గాలి కోసం ఇళ్ళు కట్టిన మనిషికి గాలే అందలేదని పరామర్శకి వచ్చినవాళ్ళు అన్నారు. ఒకరు కాదు, చాలామంది. ప్రతి ఒక్కరూ అది తమకే తట్టినట్టు, నా ముఖంలోకి చూస్తూ అన్నారు. రొయ్యల చెరువులున్న ఒకాయన ఇల్లు మామిడికుదురులో సగం లేచి ఉంది. అదే ఆమె ఆఖరి పని. ఆయన పూలదండ వేసి, కళ్ళు తుడుచుకుని, నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"మేడం గారు ఉండగా అడగలేకపోయేమండీ. మా మండువా మీద స్లాబు పోయించేసుకోవచ్చా అండీ? ఏసీలు పెట్టుకోవాలి గదండీ."

"ఆవిడ ప్లాను అది."

"మరేనండి. ఇప్పుడు తిట్టేవాళ్ళు లేరు గదండీ అని."

మా ఆవిడ ఫోటో ముందు దీపం పెట్టి గంట కూడా కాలేదు.

ఆ మధ్యాహ్నమే పంతులు గారు పంచాంగం చూశారు. మా అక్కయ్య అమలాపురం నుంచి వచ్చి ఉంది. ఊరి పెద్దలు కొందరు అరుగు మీద కూర్చున్నారు. పంతులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ధనిష్ఠా పంచకం అండీ. ఇల్లు విడిచిపెట్టాలి. ఆరు నెలలు."

ఆ నక్షత్రాల్లో ఎవరైనా ఇంట్లో పోతే ఆ ఇంటికి తాళం వేస్తారు. ఎవరూ ఉండరు, వండరు, దీపం పెట్టరు. లేకపోతే అదే ఇంట్లోంచి ఇంకొకరు వెంట వెళతారని భయం. మా ఇంట్లో ఇంకొకరంటే నేనే.

అక్కయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆసుపత్రిలోనే ఉంచుంటే ఇంటికీ గొడవ లేకపోను గదరా. తీసుకొచ్చి మరీ ఇంట్లో పెట్టేవు."

"రావాలని అడిగింది అక్కయ్యా."

"అడుగుద్దిరా. పోయేవాళ్ళు అన్నీ అడుగుతారు. ఉండేవాడివి నీకుండొద్దా?"

పంతులు గారు చెడ్డవారు కాదు. వారి ఇంటికి ప్లాను గీసింది మా ఆవిడే. ఆయన వాస్తు చెప్పేవారు, ఈమె గాలి చెప్పేది. రెండూ కుదిరినచోట గుమ్మం పెట్టారు. ఆ అభిమానం కొద్దీ ఆయనే ఒక దారి వెతికారు.

"ఒక్క మాటండీ. మంచం మండువాలో ఉందంటున్నారు. మండువాకి కప్పు లేదు. అంటే ఇంట్లో పోయినట్టు కాదు గదండీ? వాకిట్లో పోయినట్టు లెక్క. దోషం ఇంటికంటదు."

"మరేనండి" అంది అక్కయ్య. "పూర్వం అందుకే గదండీ ఆఖర్లో వాకిట్లోకి తెచ్చేసేవారు."

అరుగు మీద వాదం మొదలైంది. చుట్టూ గదులున్నాయి కాబట్టి లోపలే అన్నాడు ఒకాయన. వాన పడుద్ది గదండీ, బయటే అన్నాడు ఇంకొకాయన. లోపలైతే చెప్పులు విడుస్తామా లేదా అని మూడో ఆయన అడిగాడు. ఇంటి లోపలికీ బయటికీ మధ్య గీత చెరిపెయ్యడానికే మా ఆవిడ ఇన్నేళ్ళూ పనిచేసింది. ఆమె మంచం మీదుగా ఆ గీత గీయడానికి అంతమంది కూర్చున్నారు. ఆమె ఉంటే వాళ్ళకి కాఫీ కూడా ఇచ్చేది కాదు.

"తల ఎటుందండీ?" అన్నారు పంతులు గారు.

"కప్పు కింద. వాన వస్తే నేను లోపలికి లాగాను."

"ఎవరన్నా చూసేరా?"

"లేదండీ."

ఆయన గొంతు తగ్గించారు. "అయితే లాగలేదనుకోండి. మంచం మధ్యలోనే ఉందని ఒక్క మాటనండి, చాలు. నేను ఆయ్ అంటాను. ఇల్లు నిలబడుద్ది."

ఇల్లు నిలబడాలంటే, వానలో నేను ఆమెను అలా వదిలేశానని అందరి ముందూ చెప్పాలి. ఆమె కోసం నేను చేసిన ఆఖరి పని ఆ మంచం లాగడం. సరిగ్గా చెయ్యలేకపోయాను, సగమే వచ్చింది. ఆ సగం కూడా లేదనాలి. అలా అంటే ఆమె కట్టిన ఇల్లు నాకు దక్కుతుంది.

"లాగాను పంతులు గారూ. కప్పు కిందే పోయింది" అన్నాను.

ఆయన పంచాంగం సంచిలో పెట్టుకున్నారు.

"పెద్ద నిజం మనిషి బయల్దేరేడు" అని అక్కయ్య లోపలికి వెళ్ళిపోయింది.

ఆరు నెలలంటే ఏమవుతుందని మీరు అనుకోవచ్చు. ఇక్కడి వానాకాలమంతా, కార్తీకంలో వచ్చే తుఫాన్లతో సహా, అందులోనే వస్తుంది. ఒకసారి ఆత్రేయపురం వైపు అన్నదమ్ముల తగాదాలో తాళం పడిన మండువా ఇల్లు చూడటానికి ఆమెతో వెళ్ళాను. ఒక్క వానాకాలం మూసి ఉందట. తలుపు తెరవగానే తడి వాసన. గోడల మీద నల్లటి బూజు. చెదలు తాటి దూలాల దాకా మట్టి బాట వేసుకున్నాయి. మండువా తూము ఆకులతో పూడిపోయి నీళ్ళు గదుల్లోకి ఎక్కి ఉన్నాయి. ఆమె ఎవరినీ తిట్టలేదు. బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది.

"దీన్ని ఎవరూ కూలగొట్టలేదండీ. తలుపేసి వెళ్ళిపోయేరంతే" అంది.

నిన్నటితో పెద్దకర్మ అయింది. అప్పటిదాకా ఇంట్లో ఉండనిచ్చారు. అక్కయ్య నా బట్టలు రెండు పెట్టెల్లో సర్దింది. అమలాపురంలో తన ఇంట్లో ముందు గది ఖాళీ చేయించింది. ఆ గదికి ఒకటే కిటికీ, అది పక్కింటి గోడ వైపు తెరుచుకుంటుంది. ఈ మాట నేను అక్కయ్యతో అనలేదు. మా ఆవిడైతే అనేది.

రానని ఈ సాయంత్రం అక్కయ్యకి చెప్పబోయాను. నా ముఖం చూసి ముందే పసిగట్టింది.

"దాని ఇల్లు నీకు ముఖ్యం. నాకు నువ్వు ముఖ్యంరా. నీకేదన్నా అయితే నాకెవరున్నారు?"

"ఏం కాదక్కయ్యా."

"అదీ అలాగే అంది. దగ్గే గదా వదినా, ఏం కాదు అంది."

అక్కయ్య భయం అబద్ధం కాదు. ఇక్కడే ఉంటే ఆరు నెలలూ ఈ గుమ్మం తొక్కనంది. నాకేదైనా జ్వరం వచ్చినా అది నక్షత్రం ఖాతాలోనే పడుతుంది. పెంకు సర్దే మనిషికి కబురు పెడితే, ఆరు నెలలయ్యాక వస్తానండీ ఆయ్ అని మర్యాదగా చెప్పి పంపాడు. మా ఆవిడ కట్టిన ఇళ్ళవాళ్ళు కూడా కొందరు రారు. వాళ్ళని తప్పుపట్టను. ఒక్కటి మాత్రం అడుగుతాను. మీ మండువాల మీద స్లాబు పోసుకోవాలనుకుంటే నన్ను అడగకండి. మీ ఇంట్లో మీరు చేసుకోండి.

రేపు పొద్దున్న తాళం వెయ్యడానికి పంతులు గారు వస్తారు. వాకిట్లో కుర్చీ వేసి, దక్షిణ ఇచ్చి, తాళం అక్కర్లేదని చెప్తాను. అక్కయ్యని కారెక్కించి నేను ఎక్కను. ఏడుస్తుంది, తిడుతుంది. ఇద్దరూ వెళ్ళాక వెనక వసారాలో నీళ్ళ పొయ్యి వెలిగిస్తాను. ఇంట్లో గీజరుండగా ఆ కట్టెల పొయ్యి ఎందుకని అడిగేవాణ్ణి. పైన తాటి దూలాలకి రోజూ పొగ తగలాలనీ, లేకపోతే పురుగు పడుతుందనీ అనేది. కొబ్బరి మట్టలు వానకి నానిపోయి ఉన్నాయి. అంటుకోవడానికి చాలాసేపు పడుతుంది. పొగ బాగా వస్తుంది.