వదిన పెట్టిన ఉప్పునీళ్ళ తొట్టి

మా ఆడపడుచుని అందరూ నెమ్మదస్తురాలంటారు. కాదు, ఆవిడ మొండిది. ఆ మొండితనాన్ని చప్పుడు లేకుండా నడిపిస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ఇరవై నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాను, నన్నడగండి చెప్తాను.

ఆవిడ మా ఆయనకి అక్క, నాకు వదిన. పెళ్ళి వద్దనుకుని ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం చూసుకుంది. పగలంతా జనం రక్తమూ మూత్రమూ పరీక్షించి, ఇంటికి రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ముందుగదిలో చేపల తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చునేది. అన్నీ మంచినీళ్ళ చేపలే. "మాతో నాలుగు మాటలు మాట్లాడటానికి తీరదు గానీ చేపలతో కబుర్లా?" అని దెప్పేదాన్ని. నాకు ముక్కు మీద కోపం. పైగా స్కూల్లో లెక్కల టీచర్ని, అరవడం అలవాటు. వదిన నవ్వి ఊరుకునేది.

కిందటేడు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మూడో వారం నుంచి వాకర్ పట్టుకుని నడవమన్నాడు డాక్టరు. నేను నడవలేదు. నొప్పికి కాదు, భయానికి. కాలు కింద పెడితే చాలు, ఆ తడి నేలా, పడ్డప్పుడు ఎముక చేసిన చప్పుడూ గుర్తొచ్చి ఒళ్ళంతా చెమటలు పట్టేవి. ఫిజియోథెరపీ అమ్మాయి వస్తే లేని నొప్పి నటించేదాన్ని. మా ఆయన బతిమాలితే గయ్యిమని లేచేదాన్ని, నోటితో మాత్రమే. "మూడు నెలలు ఇలాగే పడుకుంటే కాలు బిగుసుకుపోతుందమ్మా, ఆ తర్వాత మీరు నడుద్దామన్నా అది నడవదు" అని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. విని గోడవైపు తిరిగి పడుకున్నాను.

నా అవసరాలన్నీ మంచం పక్కనే. వాటిని శుభ్రం చేసింది వదినే. ఒక్క రోజు కూడా మొహం చిట్లించలేదు. నడవమని కూడా అనలేదు.

ఒక ఆదివారం మాత్రం ముందుగదిలోని చేపలన్నిటినీ నీళ్ళ సంచుల్లోకి పట్టి, ఆస్పత్రి పిల్లల వార్డులో ఉన్న తొట్టికి ఇచ్చేసి వచ్చింది. ఖాళీ తొట్టిని కడిగి, నా మంచానికి ఎదురుగా పొట్టి బల్ల మీద పెట్టించింది, పడుకున్నదాని కళ్ళకి సూటిగా కనిపించేట్టు. ఫిల్టర్ నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి నింపింది. పెంపుడు చేపల షాపు పెద్దాయన దగ్గర కొన్న సముద్రపు రాళ్ళు నాలుగైదు అందులో పేర్చింది.

"చేపలేవి వదినా?"

"ఇప్పుడే కాదు. నీళ్ళు కుదురుకోవాలి. నెల పైనే పడుతుంది."

"అప్పటిదాకా ఏం చూడాలి?"

"రాళ్ళు చూడు. మంచినీళ్ళ చేపల్ని ఒక పూట చూస్తే అయిపోతుంది. ఈ రాళ్ళల్లోంచి రోజుకొక ప్రాణి బయటికొస్తుందట."

నన్ను చూడటానికి ఎవరొచ్చినా, "మా వదిన బండరాళ్ళని పెంచుతోంది, ఇంకా పిల్లలు పెట్టలేదు" అని చెప్పేదాన్ని. వదిన సాయంత్రం రాగానే చిన్న గాజు గొట్టాల్లో ఆ నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి నోట్సులో రాసుకునేది. ఇంట్లో కూడా ల్యాబే. తొమ్మిదో రోజున ఒక రాతి కంతలోంచి దారప్పోగంత పురుగు తల బయటపెట్టింది. ఇంకోనాడు గోరంత నత్త గాజు మీదికి పాకింది. వదిన గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే నేను వార్తలు మొదలుపెట్టేదాన్ని. గోడవైపు తిరగడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

అయిదు వారాలకి రెండు నారింజ రంగు చారల చేపలొచ్చాయి. వాటితోపాటు షాపు పెద్దాయన బొటనవేలంత పగడపు ముక్క ఊరికే ఇచ్చాడట. పగడం అంటే రాయి కాదు, ప్రాణమున్న జీవి అని నాకు అప్పుడే తెలిసింది. దాని మీద చొక్కా గుండీలంత ఆకుపచ్చ మూతులు పదకొండు. లైటు వేయగానే విచ్చుకునేవి, ఆపితే ముడుచుకునేవి. రోజూ పొద్దున్నే లెక్కపెట్టేదాన్ని. వాటిని నా గుండీలు అనేదాన్ని.

పడుకున్నదానికి నీళ్ళ గీత బాగా కనిపిస్తుంది. సాయంత్రానికల్లా వేలు మందాన తగ్గిపోయేది. చేపలొచ్చాక వదిన మా ఆయనతో, "నీళ్ళు తగ్గితే పోస్తూ ఉండరా" అని చెప్పి వదిలేసింది. ఏ నీళ్ళో చెప్పలేదు. మంచినీళ్ళ తొట్టికైతే నీళ్ళు మార్చడానికైనా తగ్గినవి నింపడానికైనా ఒకటే బకెట్టు, ఇన్నేళ్ళూ నేను చూసిందే కదా. ఇక్కడ వారానికోసారి మార్చడానికని ఉప్పు కలిపిన నీళ్ళ డ్రమ్ము మూలన ఉంది. "సముద్రానికి సముద్రం నీళ్ళే పోయాలి, ఆ డ్రమ్ములోవి పొయ్యండి" అని మా ఆయనకి ఆజ్ఞ ఇచ్చాను. ఆయన రోజుకి మూడు లీటర్లు కిక్కురుమనకుండా పోశాడు. తమ్ముడు చెప్పిన పని చేస్తున్నాడని వదిన మురిసిపోయింది.

అలా పోయడం మొదలుపెట్టిన పద్నాలుగో రోజున రెండు గుండీలు విచ్చుకోలేదు. పదహారో రోజుకి ఆరు. పద్దెనిమిదో రోజున ఒక్కటీ లేదు. చేపలు మూలకి చేరి ఎగశ్వాస తీస్తున్నాయి. వదిన గాజు గొట్టాలన్నీ రెండేసిసార్లు చూసింది, ఏ రంగులోనూ తప్పు లేదు. చివరికి మూత్రం చిక్కదనం చూసే పరికరం ల్యాబునుంచి తెచ్చింది. తొట్టి నీళ్ళు ఒక చుక్క వేసి, వెలుతురు వైపు తిరిగి కన్ను ఆనించి చూసింది. ఇరవై అయిదు దగ్గరుండాల్సిన ఉప్పు గీత ముప్పై రెండు దగ్గరుంది.

"ఏ నీళ్ళు పోస్తున్నావురా?" అంది.

మా ఆయన నా వైపు చూశాడు.

ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. దాని మీద రోజూ మళ్ళీ ఉప్పు పోయించాను. ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పిన మనిషిని, ఆరో క్లాసు పిల్లలు చేయగలిగిన లెక్క తప్పాను. తల కొట్టేసినట్టయింది. "నేనే పోయించాను వదినా" అని ఏడ్చాను.

"నాదీ తప్పే, ఏ నీళ్ళో చెప్పలేదు" అంది వదిన. "ఒక్కసారిగా పలచన చేస్తే అవి తట్టుకోలేవు. పొద్దున్నే నేను కొంచెం ఉప్పునీళ్ళు తీసేసి వెళ్తాను. పగలు గంటకొక లీటరు చొప్పున పది సీసాల ఫిల్టర్ నీళ్ళు పొయ్యాలి. వారం రోజులు."

"ఎవరు పోస్తారు?"

"వాడు ప్రింటింగ్ ప్రెస్సుకి పోతాడు. నేను డ్యూటీకి పోతాను."

అంతే అంది. మర్నాడు లేచి చూస్తే నా వాకర్‌కి గుడ్డసంచి కట్టి ఉంది, అందులో లీటరు సీసా. నేల పొడిగా తుడిచి ఉంది. ఫిల్టర్ నీళ్ళు వంటింట్లో ఉన్నాయి, నా మంచానికి పద్నాలుగు అడుగుల దూరంలో. వదిన వెళ్ళిపోయింది.

ఎనిమిదయింది, తొమ్మిదయింది. ముడుచుకున్న గుండీల వంక చూస్తూ వదినని నోటికొచ్చినట్టల్లా తిట్టుకున్నాను. తొమ్మిదింపావుకి కాలు కింద పెట్టాను. చెమటలు పట్టాయి. వాకర్ ముందుకి జరిపినప్పుడల్లా సంచిలో ఖాళీ సీసా టకటకమంది. పద్నాలుగు అడుగులకి పావుగంట పట్టింది. సీసా నింపుకుని, మళ్ళీ పద్నాలుగు వేసి, తొట్టిలో సన్నటి ధారగా పోశాను. పది గంటలకి మళ్ళీ లేవాలని గుర్తొచ్చి ఇంకోసారి తిట్టుకున్నాను. ఆ రోజు పది సీసాలకి ఆరే పోయగలిగాను. మూడో రోజుకి పదీ పోశాను.

అయిదో రోజు మధ్యాహ్నం ఒక గుండీ సగం విచ్చుకుంది. నేను వాకర్ పట్టుకుని నిలబడే దాన్ని చూశాను. పద్నాలుగు రోజులయ్యేసరికి పదకొండింటిలో తొమ్మిది బతికాయి. రెండు నా ఖాతాలో పోయాయి, ఒప్పుకుంటాను. ఆ తర్వాత కూడా తగ్గిన మూడు లీటర్లూ నేనే పోసేదాన్ని, వాకర్ పోయి చేతికర్ర వచ్చినా. ఆ మొదటి మూడు రోజులూ మా ఆయన ప్రెస్సుకే పోలేదట. వరండాలో చప్పుడు చేయకుండా కూర్చున్నాడట, నేను పడితే పట్టుకోవడానికి.

నేను మళ్ళీ స్కూల్లో చేరే ముందురోజు వదిన ఆస్పత్రి నుంచి వాడని సెలైన్ గొట్టం ఒకటి తెచ్చింది. నీళ్ళ సీసాని తొట్టి పైన మేకుకి తగిలించి, గొట్టం చివర నీళ్ళకి కాస్త పైన ఉంచి, దాని మీది చిన్న చక్రం తిప్పింది. చుక్క, చుక్క, దానంతటదే పడసాగింది. రేపటినుంచి పగలు ఇంట్లో ఎవరూ ఉండరు కదా అంది.

నేను ఆ చుక్కలు లెక్కపెట్టాను.

"ఇది ఆ ఉప్పు పెరిగిన రోజే పెట్టుండొచ్చు కదా వదినా?"

"పెట్టుండొచ్చు" అంది, చేతులు తుడుచుకుంటూ.

ఆవిడ రుణం నేను తీర్చుకోలేను, ఆ మాట ఆవిడ మొహం మీద చెప్తే నవ్వి ఊరుకుంటుంది. అందుకే చక్రం బిగించి చుక్కలు ఆపేశాను. వంటింట్లోకి నడిచి వెళ్ళి సీసా నింపుకొచ్చి, ఆ రోజు నీళ్ళు నేనే పోశాను.